చారిత్రక సినిమాలు చూశాక చరిత్ర ఎక్కడి నుంచి చదవాలి?

మీ ప్రశ్న ఇదీ: నెల రోజుల్లో ఇంట్లో నాన్నగారితో కూర్చుని ఓటీటీలో 'సైరా నరసింహారెడ్డి', 'ఆర్ఆర్ఆర్', 'రుద్రమదేవి', 'గౌతమీపుత్ర శాతకర్ణి' వరసగా చూశారు. నాన్నగారేమో "ఇదంతా జరిగిందే" అంటున్నారు. ఆఫీసులో స్నేహితుడేమో "అంతా కట్టుకథ" అని కొట్టిపారేస్తున్నాడు. మీకేమో చదవాలని ఉంది, కానీ ఏ పుస్తకం పట్టుకోవాలో తెలియడం లేదు. స్కూల్లో చరిత్రంటే తేదీలు బట్టీ పట్టడమే కాబట్టి లావుపాటి పుస్తకం చూస్తేనే టెన్షన్. మీది ఆళ్ళగడ్డ దగ్గర పల్లె అని కూడా రాశారు. ఆ మాట చివర్లో అక్కరకొస్తుంది, గుర్తు పెట్టుకోండి.

నేను ముప్పై రెండేళ్ళు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి సినిమా ఏది వచ్చినా సోమవారం క్లాసులో మొదటి ప్రశ్న ఒకటే: "సార్, ఇందులో ఎంత శాతం నిజం?" మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ణి. ఈ యుద్ధం జరిగింది, ఆ ప్రేమకథ జరగలేదు, ఆ కోట అక్కడ లేదు అంటూ. పిల్లలు తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. ఒక్కడు కూడా ఆ వారం లైబ్రరీ గడప తొక్కలేదు. తర్వాత నేనే వాళ్ళని అడగడం మొదలుపెట్టాను: "సినిమాలో విలన్ ఎవడు? వాడికి ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చింది?"

సినిమాకి కొరడా పట్టుకున్న మనిషి కావాలి. మూడు గంటల్లో కథ తేలాలి కదా, తప్పదు. చరిత్రలో ఆ మనిషి ఉన్నా, వాడి చేతిలో ఒక కాగితం ఉంటుంది. పన్ను, పింఛను రద్దు, అడవి చట్టం, పట్టా, ఇలా ఏదో ఒకటి. ఇంకా వెనక్కి పోతే అది రాయి, నాణెం. ఆ కాగితం ఏమిటో, ఎవరు రాశారో, ఎవరి జీతం తీసుకుంటూ రాశారో వెతకడం మొదలుపెట్టండి. పుస్తకాలు వాటంతటవే దొరుకుతాయి. మీ నాలుగు సినిమాలతోనే ఎలాగో చూపిస్తాను.

'సైరా'తో మొదలుపెడదాం, మీ వైపు కథ కాబట్టి. ఆ సినిమాలో ఝాన్సీ లక్ష్మీబాయి తన సైనికులకి నరసింహారెడ్డి కథ చెబుతుంది. దాంతో చాలామంది ఆయన్ని 1857 మనిషి అనుకుంటున్నారు. ఆయన తిరగబడింది 1846లో. కోవెలకుంట్లలో ఉరి తీసింది 1847 ఫిబ్రవరి 22న. సిపాయిల తిరుగుబాటు మాట ఇంకా ఎవరూ ఎత్తని రోజులు.

ఇక కాగితం. 1800లో నిజాం మీ జిల్లాల్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. అందుకే దత్తమండలాలన్నారు. రాయలసీమ అన్న పేరు చాలా తర్వాతది. కంపెనీ అక్కడికి థామస్ మన్రోని కలెక్టరుగా పంపింది, 1807 దాకా ఉన్నాడు. ఊరూరికీ కోట, దండు పెట్టుకుని సుమారు ఎనభై మంది పాలెగాళ్ళు ఉన్న నేల అది. మన్రో వాళ్ళ దండుల్ని రద్దు చేశాడు, ఎదురు తిరిగినవాళ్ళని అణిచాడు, మిగిలిన కుటుంబాలకి నెలనెలా పింఛను కట్టాడు. తరాలు గడిచి వాటాలు పడ్డాక ఉయ్యాలవాడ నరసింహారెడ్డి చేతికి వచ్చేది నెలకి పదకొండు రూపాయల చిల్లర. వాళ్ళమ్మ వైపు నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి వారసులు లేకుండా పోయేసరికి ఆ పింఛను కూడా సర్కారు ఆపేసింది.

ఇది చెబితే క్లాసులో ఎప్పుడూ ఎవడో ఒకడు లేచి, "అయితే సార్, పింఛను కోసం చేసిన గొడవేనా ఇది?" అనేవాడు. మంచి ప్రశ్నే. పింఛను ఒక్కటే అయితే ఆయనొక్కడే తిరగబడాలి. వేలమంది ఎందుకు వెంట నడిచారు? అప్పట్లో ఊళ్ళలో కట్టుబడి బంట్రోతులని ఉండేవాళ్ళు. ఊరి కావలి పని చేస్తూ, జీతానికి బదులు కాస్త మాన్యం దున్నుకునేవాళ్ళు. కంపెనీ ఆ మాన్యాల్ని ఒక్కొక్కటిగా వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టింది. కట్టుబడి చచ్చిపోతే కొడుక్కి పొలం రాదు. పెద్దవాడికి పింఛను పోయింది, చిన్నవాడికి పొలం పోయింది, ఇద్దరూ ఒకే గట్టున చేరారు. 1846 జూలైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. తిరుగుబాటు గిద్దలూరు, కంభం దాకా పాకింది. అక్టోబరుకల్లా ఆయన దొరికిపోయాడు. వందలమందిని పట్టుకుని విచారించారు.

ఉరి తర్వాత ఆయన తలని కోట గుమ్మానికి వేలాడదీసి, 1877 దాకా తీయలేదు. ఒకసారి లెక్క వేసుకోండి, ముప్పై ఏళ్ళు. ఉరి తీసిన రోజు అమ్మ చంకలో ఉన్న పిల్లాడు పెరిగి, పెళ్ళి చేసుకుని, తన పిల్లల్ని వేలు పట్టుకుని సంతకి తీసుకుపోతూ అదే తలని చూశాడన్నమాట. అది తీసేనాటికి సీమలో ధాత కరువు నడుస్తోంది. సినిమాలో క్లైమాక్స్ ఎంత గొప్పగా తీసినా, నా మట్టుకు నాకు ఈ ముప్పై ఏళ్ళే ఎక్కువ భయం పుట్టిస్తాయి.

దీనికి మొదటి పుస్తకంగా నరహరి గోపాలకృష్ణమ చెట్టి 1886లో అచ్చు వేసిన కర్నూలు జిల్లా మాన్యువల్ తిరగేయమంటాను. ఇంగ్లీషే గానీ మొత్తం చదవక్కర్లేదు. కోవెలకుంట్ల పేరున్న పేజీలు చాలు. చెట్టిగారు సర్కారు ఉద్యోగి. కాబట్టి తిరుగుబాటుని ఏ కళ్ళతో చూస్తారో ముందే ఊహించుకుని చదవండి. ఆయనే 1872లో 'శ్రీరంగరాజ చరిత్ర' రాశారు, తెలుగులో తొలి నవల అదేనని వాదించేవాళ్ళు ఉన్నారు. ఒకే చేత్తో నవల, జిల్లా లెక్కలు రాసిన మనిషి. ఇలాంటివి తగిలినప్పుడే చదువు రుచి తెలుస్తుంది.

'ఆర్ఆర్ఆర్' విషయంలో మీ స్నేహితుడి మాట కొంత ఒప్పుకోవాలి. అది కల్పన అని తీసినవాళ్ళే ముందు చెప్పారు. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం ఎక్కడా కలవలేదు. రాజుని 1924 మే 7న కొయ్యూరులో కాల్చి చంపారు. భీం జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో. ఒకరిది మద్రాసు ప్రెసిడెన్సీ, ఒకరిది నిజాం రాజ్యం. అయితే 'కలిశారా లేదా' దగ్గరే ఆగిపోతే అసలు సంగతి జారిపోతుంది. వాళ్ళిద్దరినీ కలిపింది ఢిల్లీ వంతెన కాదు, అడవి చట్టం.

మన్యం కథ 1922లో మొదలు కాలేదు. రంప కొండల్లో 1879లోనే పెద్ద తిరుగుబాటు లేచింది. దాని వెనకున్న కాగితం వింటే నవ్వొస్తుంది, తర్వాత రాదు: కల్లు మీద పన్ను. కొండల్లో జీలుగు చెట్టు కల్లు ఎండాకాలంలో సగం తిండి. తాగడానికి కాదు, కడుపు నింపుకోవడానికి. దాని మీద చిగురు పన్ను అని ఒకటి వేశారు. గీసుకునే హక్కుని పాటదారులకి అమ్మేశారు. తన పెరట్లో చెట్టు గీసినందుకు కొండమనిషి బయటివాడికి డబ్బు కట్టాలి. ఆ తిరుగుబాటు చల్లారిన కొద్దికాలానికే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు కొట్టడం, కట్టె తెచ్చుకోవడం, పశువుల్ని మేపడం అన్నీ నేరాల జాబితాలోకి ఎక్కాయి. తాత చేసిన పనే మనవడు చేస్తే కేసు.

ఇక 1920ల నాటికి గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు నర్సీపట్నం నుంచి చింతపల్లి కొండల్లోకి రోడ్డు వేయిస్తున్నాడు. కూలి సరిగ్గా ఇవ్వకుండా, కొట్టి తిట్టి కొండవాళ్ళతో చాకిరీ చేయించాడు. ఎప్పుడైనా నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్తే ఘాట్ రోడ్డు మీద ఈ మాట గుర్తుకు తెచ్చుకోండి. చలిలో సెల్ఫీలు దిగడానికి మనం ఎక్కుతున్న దారికి ఆ చాకిరీ చరిత్ర ఉంది. పైగా ముఠాదార్లని పాత కొండదొరలున్నారు, ముఠా అంటే కొన్ని ఊళ్ళ గుంపు. వాళ్ళ పెత్తనాన్ని కూడా సర్కారు కత్తిరిస్తూ వచ్చింది. గాం గంటం దొర, గాం మల్లు దొర అలా దెబ్బతిన్న కుటుంబం వాళ్ళే. సినిమాల్లో రాజు వెనక నిలబడే ఆ ఇద్దరికీ స్వంత కోపం, స్వంత లెక్క ఉన్నాయి.

ఇప్పుడు ఒక పని చేయండి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి మూడు ఊళ్ళు వెతకండి: చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. 1922 ఆగస్టు 22న మొదటి పోలీస్ స్టేషను, 23న రెండోది, 24న మూడోది కొట్టారు. మూడు రోజుల్లో మూడు. కొండలు కనబడేలా మ్యాప్ మార్చి, వర్షాకాలం అని మనసులో పెట్టుకుని, ఆ దూరాలు కాలినడకన వేసుకోండి. ఊళ్ళ సాయం లేకుండా అది జరిగే పని కాదని ఏ పుస్తకమూ చెప్పకుండానే అర్థమవుతుంది. మా క్లాసులో గోడ మ్యాపు మీద దారం, గుండుసూదులతో ఇది చేయించేవాణ్ణి. వెనక బెంచీలో నిద్రపోయేవాళ్ళు కూడా లేచి ముందుకొచ్చేవాళ్ళు. అదే అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీదకి వెళ్తే ఒక్క తుపాకీ దొరకలేదు. పోలీసులు ముందే దాచేశారు. రాజుకి ఎదురుపడ్డ ఇలాంటి ఖాళీ గదుల్ని సినిమావాళ్ళు చూపించరు, ఎందుకు చూపిస్తారు?

రాజు మనిషిగా కూడా సినిమా కన్నా చిక్కటివాడు. ఖద్దరు కట్టాడు, కల్లు మానమన్నాడు, కోర్టులకి వెళ్ళకండి, పంచాయతీలు పెట్టుకోండి అన్నాడు. గాంధీ అంటే గౌరవం, తుపాకీ అంటే నమ్మకం, రెండూ ఒకే మనిషిలో. అప్పటి కాంగ్రెస్ నాయకుల్లో చాలామంది ఆయనకి దూరంగా నిలబడ్డారు, తర్వాత విగ్రహాలకి దండలు వేశారు.

నాకు ఎప్పటికీ మరపురాని ముక్క మాత్రం మల్లు దొరది. ఆయన పట్టుబడి, అండమాన్ జైలు చూసి, బయటికొచ్చి బతికాడు. 1952 మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. చింతపల్లి స్టేషను కొట్టినవాళ్ళలో ఒకడు పార్లమెంటులో కూర్చున్నాడండీ! ఈ ఒక్క సంగతి మీద ఎవరైనా సినిమా తీస్తే ముందు వరసలో టికెట్ కొంటాను.

భీం సంగతికి వస్తే, మీరు వెతకాల్సిన పేరు హైమెన్‌డార్ఫ్. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త. 1940లో ఆసిఫాబాద్ కొండల్లో గోండుల మీద కాల్పులు జరిగాక, అసలు వీళ్ళు ఎందుకు తిరగబడ్డారో తేల్చమని నిజాం ప్రభుత్వం ఆయన్నే పంపింది. ఇక్కడే చదివేవాడు జాగ్రత్త పడాలి. కాల్చిన సర్కారే కారణం రాయమని మనిషిని పెట్టింది కదా, వెనకేసుకొస్తాడేమో అనిపిస్తుంది. కానీ ఆయన రాసిందంతా అటవీ సిబ్బంది వసూళ్ళ గురించీ, దున్నుకుంటున్న నేలని రిజర్వు ఫారెస్టులో కలిపేసి ఇళ్ళు ఖాళీ చేయించడం గురించీ, పట్టా అంటే తెలియని గోండుల భూములు బయటివాళ్ళ పేరెక్కడం గురించీ. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. గోండి భాషలో చదువు చెప్పే పంతుళ్ళని అక్కడే తయారు చేయించాడు. బెట్టీ 1987లో హైదరాబాదులో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన లండన్‌లో పోయాక అస్థికలు కూడా అక్కడికే చేరాయి. భీం వర్ధంతిని జోడేఘాట్‌లో ఇంగ్లీషు తేదీ చూసి కాదు, ఆశ్వయుజ పౌర్ణమికి చేస్తారు. తేదీ విషయంలో పుస్తకాలు తగువు పడుతూనే ఉంటాయి, గోండులు మాత్రం చంద్రుణ్ణి చూసుకుని కలుస్తారు.

'రుద్రమదేవి' దగ్గర కాగితం పోయి రాయి వస్తుంది. ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. రుద్రమ 1295 ప్రాంతంలో చనిపోయిందని ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. నేను చదువుకున్న పాత పుస్తకాల్లో అలాగే ఉంది. నకిరేకల్ దగ్గర చందుపట్లలో దొరికిన శాసనం సంగతి నేను ఆలస్యంగా చదివాను. దాని తేదీ 1289 నవంబరు 27. పువ్వుల ముమ్మడి అనే అతను రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకం ప్రాప్తించాలని గుడికి భూమి ఇచ్చాడు. అంటే అప్పటికే ఇద్దరూ లేరు. ఆరేళ్ళ తేడా. నా పాఠం విన్న పిల్లలు ఎంతమంది పరీక్షలో తప్పు రాశారో!

ఆ శాసనాన్ని ఇంకోసారి నెమ్మదిగా చూడండి. యుద్ధం మాట అందులో లేదు. ఆమె మీద తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడి చేతిలో ఆమె రణరంగంలో మరణించిందని మనం చెప్పుకుంటాం. ముసలితనంలో ఉన్న మహారాణి, ఆమె సేనాని, ఇద్దరి పేర్లూ ఒకే రాయి మీద ఒకేసారి కనబడ్డాయి. అంబదేవుడు ఆ మరుసటేడు త్రిపురాంతకంలో తన గెలుపుల గురించి గొప్పలు చెక్కించుకున్నాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి పండితులు కట్టిన ఊహ అది. బలమైన ఊహే, నేనూ నమ్ముతాను. కానీ రాయి మీద ఉన్నదేది, మనం జోడించుకున్నదేది అని గీత గీసుకోవడం ఇక్కడ నేర్చుకోవచ్చు. కాకతీయుల మీద శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు రాసింది చదివితే ఆ గీత ఎలా గీయాలో పేజీ పేజీకీ కనిపిస్తుంది.

సినిమాలో ఆమెని మగపిల్లాడిగా పెంచుతారు, రుద్రదేవుడని పిలుస్తారు. ఆ పేరు మాత్రం గాలిలోంచి రాలేదు. శాసనాల్లో ఆమె 'రుద్రదేవ మహారాజు'. సింహాసనం ఎక్కిన ఆడమనిషికి అప్పటి భాషలో వేరే మాట లేదు కాబోలు, మగ బిరుదే వాడేశారు. ఆ ఒక్క మాటని పట్టుకుని సినిమా సగం కథ అల్లుకుంది. ఇంతకీ ఆమె బతికున్న కాలానికి అటూ ఇటూగా మార్కో పోలో మోటుపల్లి రేవు ప్రస్తావన చేశాడు. వానలు వెలిశాక కొండవాగుల్లో వజ్రాలు ఏరతారనీ, సాలెగూడు లాంటి పల్చటి బట్టలు నేస్తారనీ, న్యాయంగా ఏలే రాణి ఉందనీ రాశాడు. ఆమెని మాత్రం రాజుగారి భార్య అన్నాడు. కాదు, ఆమె గణపతిదేవుడి కూతురు. విన్నది రాసేవాడికి ఇలాంటి పొరపాటు మామూలే. అదే మోటుపల్లిలో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఉంది. తుపానుకి ఓడలు చెదిరి మా తీరానికి కొట్టుకొస్తే సరుకు లాక్కోము, సుంకం కట్టి వెళ్ళండి అని వ్యాపారులకి ఇచ్చిన మాట. నాకైతే రాజుల కత్తుల కన్నా ఆ మాటే ఎక్కువ నచ్చుతుంది.

మీకు బాగా నచ్చిందన్న గోన గన్నారెడ్డి పాత్ర గురించి ఒక ముక్క. ఆ గజదొంగ వేషం మొదట అడివి బాపిరాజుగారి నవలలోది. నవలకి వెనక మనిషి ఉన్నాడా? ఉన్నాడు. రాయచూరు కోట గోడలో నలభై అడుగులు దాటిన ఒకే రాయి ఉంది, దాని మీద 1294 నాటి తెలుగు శాసనం. గోన గన్నయరెడ్డి కింద విఠలుడు ఆ కోట కట్టించిన సంగతి అందులో ఉంది. ఆ రాయి పక్కనే, దాన్ని బండి మీద వేసి దున్నపోతులు లాక్కొస్తున్న బొమ్మ కూడా చెక్కారు. రాయిని ఎలా తెచ్చారో రాయి మీదే! కర్ణాటకలో ఉన్న కోటలో తెలుగు చదువుకుంటూ నిలబడితే గమ్మత్తుగా ఉంటుంది. సినిమాలో డైలాగులు, నవలలో సాహసాలు, రాయి మీద దున్నపోతులు. ఈ మూడింటినీ వెనక్కి నడిస్తే ఒక కథ ఎలా పెరుగుతుందో తెలుస్తుంది.

శాతకర్ణి గురించి పెద్దగా చెప్పను. ఆ కాలానికి దొరికే ఆధారాలు తక్కువ, వాటి మీద కట్టిన మేడలు ఎక్కువ. రెండు చాలు. ఒకటి, నాసిక్ గుహలో ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం. కొడుకు పోయాక, మనవడు పులుమావి ఏలుబడి 19వ ఏట, బౌద్ధ భిక్షువులకి గుహ దానం చేస్తూ వేయించింది. మూడు సముద్రాల నీళ్ళు తాగిన గుర్రాలున్నవాడు లాంటి బిరుదులన్నీ అక్కడివే. పోయిన కొడుకు గురించి తల్లి చెప్పిన మాటలని మరిచిపోకుండా చదవాలి. కొడుకు పేరుకి ముందు తల్లి పేరు పెట్టడం అప్పటి వాడుక, తర్వాతి ఇక్ష్వాకు రాజుల్లోనూ అది కనిపిస్తుంది. రెండోది, 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో బయటపడ్డ వెండి నాణేల కుండ. శాతకర్ణి ఓడించిన నహపాణుడనే రాజు నాణేలు 13,000కు పైగా, వాటిలో 9,000కు పైగా వాటి మీద శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. ఏ మ్యూజియంలోనైనా ఒకటి కనబడితే దగ్గరగా చూడండి. కింద ఓడినవాడి ముఖం, దాని మీద గెలిచినవాడి గుర్తు. కరిగించి కొత్తవి పోయించుకోవచ్చుగా? పోయించలేదు. ప్రతి సంతలో ప్రతి చేతికీ ఆ ఓటమి అందాలనుకున్నాడేమో. ఇది నా ఊహ, శాసనం కాదు.

మీ జాబితాలో లేని సినిమా ఒకటి నాన్నగారితో చూడండి: 1980లో విడుదలైన 'మాభూమి'. తెలంగాణ సాయుధ పోరాటం మీద గౌతం ఘోష్ తీశారు, బి. నర్సింగరావు నిర్మాత. మెరుపులు ఉండవు, గొంతులు ఉంటాయి. దాని వెనకున్న కాగితం పట్టా. పన్నులు వసూలు చేసే దేశ్‌ముఖులు సర్వే, సెటిల్‌మెంటు రోజుల్లో ఊళ్ళకి ఊళ్ళు తమ పేర రాయించుకున్నారు. ఆ పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యగారి లెక్కలో ఒక్క విసునూరు దేశ్‌ముఖ్ కిందే 40,000 ఎకరాలు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య మీద తుపాకీ పేలింది ఆ ఇంటి మనుషుల చేతుల్లోంచే. నాయకులు రాసినవి చదివాక, ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళతో మాట్లాడి స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తప్పకుండా చదవండి. తుపాకీ పట్టినవాళ్ళని పోరాటం ఆగాక ఇళ్ళకి వెళ్ళి వంట చేసుకోమన్నారు. ఆ కోపం ఏ నాయకుడి పుస్తకంలోనూ దొరకదు.

"మొదటి పుస్తకం ఒక్కటే చెప్పండి" అని మీరు గట్టిగా అడిగారు కాబట్టి: సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వచ్చింది, తెలుగులో తొలి సాహిత్య అకాడమీ బహుమతి దానికే. రాజుల వరస ఉండదు. జనం ఏం తిన్నారు, ఏ ఆటలాడారు, ఏ బట్ట కట్టారు, దేనికి భయపడ్డారు అన్నది కావ్యాల్లోంచి ఏరి చెబుతారు. భాష కాస్త పాతది, మొదటి ముప్పై పేజీలు ఓపిక పట్టండి. దీని ముందు ఆరు సంపుటాల చరిత్ర కొని అలమరలో పెట్టుకోకండి. నేనూ చేశాను, దుమ్ము దులపడానికే పనికొచ్చాయి. పాత పుస్తకాలు చాలా వరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. హైదరాబాదులో ఉంటే సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, చీరాల వైపు వెళ్తే వేటపాలెం సారస్వత నికేతనం ఒకసారి చూసిరండి. యూట్యూబ్‌లో "దాచిన చరిత్ర" అని అరిచే వీడియోలు పెడితే మాత్రం, అందులో చెప్పిన మొదటి తేదీకి ఆధారం ఏమిటో చెప్పారా లేదా చూడండి. చెప్పకపోతే కట్టేసి పడుకోండి.

ఇక మీ నాన్నగారు. "ఇదంతా జరిగిందే, మా తాత చెప్పాడు" అన్నారని రాశారు కదా. నవ్వుతూ తీసిపారేయకండి. 'సైరా' అన్న పేరే సీమ జనం పాటలోంచి వచ్చింది. ఉరి తీసినవాళ్ళు ఫైళ్ళు రాసుకున్నారు, చూసినవాళ్ళు పాట కట్టుకున్నారు. కలెక్టరు కాగితాల్లో దొరకని మనుషులు ఆ పాటల్లో ఉంటారు: అన్నం పెట్టినవాళ్ళు, దారి చూపినవాళ్ళు, డబ్బుకి ఆశపడి పట్టిచ్చినవాళ్ళు. ఒక్కో ఊళ్ళో ఒక్కోలా పాడతారు, ఆ తేడాలే పనికొచ్చే సమాచారం.

కాబట్టి ఈ ఆదివారం సినిమా బదులు నాన్నగారి ముందు ఫోన్ పెట్టి రికార్డర్ నొక్కండి. తాతగారి దగ్గర విన్న పాట గుర్తున్నంతా పాడమనండి, మధ్యలో సరిదిద్దకండి. తాతగారు ఏ ఊరివారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సందర్భంలో పాడేవారు, ఈ మూడూ చివర్లో అడిగి అదే రికార్డింగులో చెప్పించండి. ఒక్క చరణమే గుర్తొచ్చినా ఫరవాలేదు, అక్షరం మార్చకుండా రాసి ఇక్కడ పెట్టండి. కోవెలకుంట్ల వైపు నేను రాసుకున్న రెండు పాఠాలు నా దగ్గరున్నాయి, పక్కన పెట్టి చూద్దాం.